తిరుపతి ఎండలో నుంచి బెంగళూరు 10కే దాకా: మా క్లబ్బు టైమింగులు

ఎండాకాలం రేసుల రిజల్ట్స్ పెట్టగానే మా రన్నింగ్ గ్రూపులో అందరూ ముందు నిమిషాలే చూస్తారు. జనవరిలో 56 నిమిషాల్లో 10 కిలోమీటర్లు పూర్తిచేసినవాళ్లు ఏప్రిల్‌లో తమ పేరు పక్కన 62 చూసుకుని దిగాలు పడిపోతారు, ఇంక మనవల్ల కాదులే అని రెండు వారాలు గ్రౌండు వైపే రారు. ఆ రోజు ఎన్ని డిగ్రీలు ఉండింది, రేసు ఎన్ని గంటలకు మొదలైంది, రోడ్డు ఎక్కుడా దిగుడా అనేది ఆ 62 పక్కన ఎవరూ రాయరు. ఇది నాకు చాలాకాలంగా మింగుడు పడని విషయం.

అందుకే ఏప్రిల్ చివరి ఆదివారం బెంగళూరులో జరిగే వరల్డ్ 10కే అనే 10 కిలోమీటర్ల రేసుకి మా వాళ్లు పేర్లిచ్చినప్పుడు, శనివారం రాత్రి బస్సెక్కి పోవడం ఎందుకు, బుధవారం నుంచే దారిలో ఆగుతా పోదాం అన్నాను. మా పీఈటీ సార్ దానికి ఇంకోటి కలిపారు. ఆగిన చోటల్లా 5 కిలోమీటర్లు పరిగెత్తాలి, పోటీ పెట్టుకోకూడదు, ఎవరి నాడి వేగం వాళ్లకు ముందే చెప్పేస్తారు, అది దాటకూడదు. కుర్రాడికి నిమిషానికి 155, అరవై దాటిన మామకు 120, మిగతావాళ్లం మధ్యలో. గుండె మీద భారం అన్నిచోట్లా ఒకటే అయినప్పుడు టైం ఎంత మారుతుందో చూస్తే చాలు, ఆ మార్పులో ఎక్కువ వాటా వాతావరణానిదే అని ఆయన లెక్క. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తులో ఉంది, చిత్తూరు 330, పలమనేరు 680, బెంగళూరు 920. అంటే దారి పొడుగునా మేము ఎండలో నుంచి చల్లదనంలోకి ఎక్కుతా పోతాం.

తుఫాన్ బండి మాట్లాడుకున్నాం. పీఈటీ సార్, ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేసే అక్క, ఆర్టీసీలో డ్రైవర్‌గా రిటైరైన మామ, తెల్లారి బండి పెట్టేముందు పరిగెత్తి వచ్చే ఇడ్లీ అన్న, డిగ్రీ చదివే తమ్ముడు, నేను. వీళ్లందరినీ మేం పిలిచే పిలుపుల్తోనే రాస్తాను.

బుధవారం, తిరుపతి

అలిపిరి నుంచి చెర్లోపల్లి వైపు పోయే జూపార్కు రోడ్డే మాకు గ్రౌండు. ఒకపక్క శేషాచలం కొండ, బండ్లు తక్కువ, రోడ్డు వెడల్పు. పొద్దున 5:15కి మొదలుపెట్టాం. నాలుగింటికే మొదలుపెడితే ఇంకా చల్లగా ఉంటుంది కదా అని బయటూరి వాళ్లు అడుగుతుంటారు. కొండవార రోడ్డు, చిరుత కనపడిందని అప్పుడప్పుడూ వార్త వస్తానే ఉంటుంది, వెలుతురు రాకముందు ఎవరూ ఒంటరిగా పరిగెత్తకూడదని మాకు మేమే నియమం పెట్టుకున్నాం. ఆ నియమం వల్ల గంటకు పైగా చల్లదనం పోతుంది. పోయినా ఫర్వాలేదు.

ఫోనులో 29 డిగ్రీలు చూపించింది. ఏప్రిల్ చివర్లో మాకు తెల్లవారుజామున ఉండే చల్లదనం ఇంతే, పగలంతా కాగిన బండరాయి రాత్రంతా సెగ వదుల్తానే ఉంటుంది. పైగా పొద్దున గాల్లో తేమ ఎక్కువ. చెమట పట్టడం వల్ల ఒళ్లు చల్లబడదు, ఆ చెమట ఆరితేనే చల్లబడుతుంది. తేమ ఎక్కువగా ఉన్నప్పుడు అది ఆరదు, మోచేతుల మీదుగా కారి రోడ్డు మీద పడుతుంది, నీళ్లు పోయాయే తప్ప ఒంటికి ఉపయోగం లేదు. అప్పుడు ఒళ్లు ఏం చేస్తుందంటే రక్తాన్ని చర్మం దగ్గరికి ఎక్కువగా పంపుతుంది. కాళ్ల కండరాలకూ రక్తం కావాలి, చర్మానికీ కావాలి, కాబట్టి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. నాడి పెరగకూడదని మనం పట్టుబడితే వేగం తగ్గించుకోవడం తప్ప దారి లేదు. మా టైమింగుల వెనకాల కథ అంతా ఇదే.

నర్సక్క ఇంట్లోని బరువు మిషను తెచ్చి రోడ్డు పక్కన చదునైన బండ మీద పెట్టింది. పరిగెత్తకముందు ఒకసారి, పరిగెత్తాక ఒళ్లు తుడుచుకుని ఇంకోసారి. ఒక కిలో తగ్గిందంటే దాదాపు ఒక లీటరు చెమట పోయినట్టు. ఇడ్లీ అన్నకు 5 కిలోమీటర్లకే ముప్పావు కిలో తగ్గింది, అదేంటక్కా నేను నీళ్లు తాగే బయల్దేరినా కదా అని ఆయనే ఆశ్చర్యపోయాడు. సార్ దగ్గర పొడుగాటి లెక్కల పుస్తకం ఒకటి ఉంటుంది, దాంట్లో స్కేలు పెట్టి గీసిన గడులు: పేరు, దూరం, టైం, మొదలైన గంట, డిగ్రీలు, తేమ, ముందు బరువు, తర్వాత బరువు. చివరి గడి వెడల్పుగా ఉంటుంది, దాంట్లో మాటల్లో రాస్తారు, 'నిద్ర లేదు', 'ఉపవాసం', 'కొత్త బూట్లు' ఇట్లా. ఆ రోజు నర్సక్కకు 38:20, మామకు 44:10, తమ్ముడికి 26:05, ఇడ్లీ అన్నకు 30:40, సార్‌కి 34:15, నాకు 35:30.

అక్క అందరి సీసాల్లో తన చేత్తో కలిపిన నీళ్లు పోసింది. లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, అన్నీ చదునుగా కొలిచి. ఎండాకాలం గంటల తరబడి పరిగెత్తుతా ఉత్త నీళ్లే కడుపునిండా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, మరీ ముదిరితే తికమక కూడా వస్తాయి. నీళ్లు తాగండి తాగండి అని చెప్పేవాళ్లే గానీ ఉప్పు సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

తిరుపతి వాళ్లంటే కొండెక్కి ప్రాక్టీసు చేస్తారు కదా అని బయట ఒక అభిప్రాయం ఉంది. అది కొంతవరకే నిజం. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిలో 2,388. మెట్లు ఎక్కితే తొడలకు బలం వస్తుంది గానీ రోడ్డు మీద వేగం రాదు. అక్కడ నేర్చుకునేది ఓపికను పంచుకోవడం. అలిపిరి దగ్గర మొదలయ్యే నిటారు మెట్లన్నీ గాలిగోపురం దాకానే, ఆ తర్వాత చాలా దూరం దారి మెత్తబడుతుంది, చివర్లో మళ్లీ నిటారుగా మోకాలిమెట్టు ఉంటుంది. గాలిగోపురం దాకా పరుగులు పెట్టిన కుర్రాళ్లు అక్కడే కూలబడి ఉంటారు, మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమ పెట్టుకుంటా వచ్చే పెద్దమ్మలు వాళ్లను దాటుకుని పోతారు. మా సార్ రేసు గురించి ఎప్పుడు చెప్పినా గాలిగోపురం పేరు ఎత్తకుండా ఉండరు, మొదటి 3 కిలోమీటర్లూ గాలిగోపురమే అనుకో నాయనా అంటారు.

గురువారం, చంద్రగిరి, కాణిపాకం, చిత్తూరు

ఆరింటికి బయల్దేరాం. చంద్రగిరిలో టీ కోసం ఆగాం, కోట లోపలికి పోలేదు, రాజమహల్‌ని దూరం నుంచే చూసి బండెక్కాం. దామలచెరువు దగ్గర మామిడి మండీలు అప్పుడప్పుడే ఊపందుకుంటున్నాయి. ఇంకో నెలకు ఆ రోడ్డు నిండా ట్రాక్టర్లే ఉంటాయి. ఒక చెట్టు కింద తాటి ముంజలు అమ్ముతుంటే ఆపించి తలా నాలుగు తిన్నాం, రేసుకు ముందు కొత్త తిండి వద్దనే సార్ కూడా వాటికి అడ్డు చెప్పలేదు.

కాణిపాకంలో దర్శనం బాగా అయింది. బయటికొచ్చాక మాత్రం పెద్ద వాదన. బుధవారం నాటి పరుగు తమ్ముడి వాచీలో 5.14 కిలోమీటర్లు, ఇడ్లీ అన్న ఫోనులో 5.02. ఎవరిది నిజం? ఇడ్లీ అన్న గుడి గోపురం వైపు చెయ్యి చూపించి, "నా ఫోను తప్పు చెప్పదబ్బా, ఇక్కడే ప్రమాణం చేస్తా" అన్నాడు. మా వైపు కాణిపాకం ప్రమాణం అంటే అంతకు మించిన సాక్ష్యం లేదు, ఎంతటి మొండివాడైనా ఆ మాట వినగానే ఒక అడుగు వెనక్కి వేస్తాడు. సార్ నవ్వి ఇద్దర్నీ కూర్చోబెట్టి చెప్పారు. గుర్తింపు ఉన్న రోడ్డు రేసుల్లో దూరాన్ని వాచీతో కొలవరు. చక్రానికి లెక్కపెట్టే పరికరం బిగించిన సైకిల్‌తో, మలుపుల దగ్గర అతి దగ్గరి దారి పట్టుకుని కొలుస్తారు, పొరపాటున కూడా తక్కువ కాకూడదని వెయ్యికి ఒకటి చొప్పున కలుపుతారు. అంటే 10కే రేసు రోడ్డు మీద నిజానికి 10 కిలోమీటర్ల 10 మీటర్లు ఉంటుంది. మనం ఆ దగ్గరి దారిలోనే పరిగెత్తం, జనాన్ని తప్పించుకుంటా అటూ ఇటూ పోతాం, చెట్ల కింద, బిల్డింగుల మధ్య వాచీకి సిగ్నల్ కూడా తడబడుతుంది. వాచీ 10.15 చూపించిందని నిర్వాహకులతో గొడవ పెట్టుకోవడంలో అర్థం లేదు. ఇద్దరూ ఒప్పుకున్నారు.

పదకొండుకల్లా చిత్తూరు చేరి గాంధీ విగ్రహం దగ్గర్లో లాడ్జి తీసుకున్నాం. భోంచేసి పడుకున్నాం, బయట 40 దాటింది.

చిత్తూరులో పరుగు కావాలనే సాయంత్రం 5:30కి పెట్టుకున్నాం. దానికి కారణం ఉంది. పోయిన వేసవిలో ఒక ఊళ్లో రేసుకు పోయాం, 6 గంటలకు మొదలవ్వాల్సింది ముఖ్య అతిథి రాలేదని 7:20కి జెండా ఊపారు. అంతసేపూ చిన్న పిల్లలతో సహా అందరినీ ఎండలో లైన్లో నిలబెట్టారు. 8 గంటలకు రోడ్డు ఎట్లా ఉంటుందో మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. నీళ్ల స్టాలు ఒకటే, అదీ 4 కిలోమీటర్ల తర్వాత. ఇద్దరు కళ్లు తిరిగి పడిపోయారు. అతిథి కోసం రేసు ఆపడం, అదీ ఎండాకాలంలో, నేనైతే క్షమించరాని పని అంటాను. ఎవరు వచ్చినా రాకున్నా చెప్పిన టైముకు వదిలేయాలి, అతిథిగారు బహుమతులకు వస్తే చాలు. అట్లాంటి వేడిలో మన ఒళ్లు ఎంత నెమ్మదిస్తుందో లెక్కలో పెట్టి చూపించాలనే ఈ సాయంత్రం పరుగు.

మెసానికల్ గ్రౌండు దగ్గర మొదలుపెట్టినప్పుడు 37 డిగ్రీలు. పొద్దుటికంటే గాలి పొడిగా ఉంది, చెమట పట్టిన వెంటనే ఆరిపోతాంది, చేతుల మీద తెల్లగా ఉప్పు గీతలు. రోడ్డు నుంచి సెగ బూటు అట్టలోకి ఎక్కుతాంది. నాడి చూసుకుంటా పోతే పరుగు కాస్తా నడకలోకి దిగింది. మామ ఎక్కువ భాగం నడిచేశాడు, 49:30. నర్సక్క 41:45. నాకు 39 దాటింది. ఇదే మనుషులు, ఇదే దూరం, మధ్యలో ఒక్క రోజే తేడా.

తమ్ముడు ఒక్కడే నాడి మాట మర్చిపోయాడు. గ్రౌండులో ప్రాక్టీసు చేసే చిత్తూరు కుర్రాళ్లు ఇద్దరు పక్కన కలిశారు, ఆ వయసులో పక్కన ఇంకొకడు పరిగెత్తుతుంటే నాడి ఎవరికి గుర్తుంటుంది. 4 కిలోమీటర్లు దాటాక వాడు గోడ పట్టుకుని నిలబడిపోయాడు. మేం చేరేసరికి పెదాలు తెల్లబడి ఉన్నాయి, అంత వేడిలోనూ చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. అక్క ముందు వాణ్ని నీడలోకి తీసుకుపోయి పడుకోబెట్టింది, కాళ్ల కింద నా బ్యాగు పెట్టింది, బూట్లూ మేజోళ్లూ లాగేసింది. నాడి పట్టుకునే అడగడం మొదలుపెట్టింది: "ఈరోజు ఏం వారం నాయనా? మధ్యాహ్నం ఏం తిన్నాం? మీ అమ్మ ఏ ఊరు?" నాకు అప్పుడు ఆ ప్రశ్నలెందుకో తెలియలేదు. వాడు గురువారం అన్నాడు, పెరుగన్నం అన్నాడు, వాళ్లమ్మ ఊరు చెప్పాడు. అక్క మొహంలో టెన్షన్ తగ్గింది. ఇడ్లీ అన్న ఎదురుగా ఉన్న సోడా కొట్టుకు పరిగెత్తి ఐసు తెచ్చాడు, తువ్వాల్లో చుట్టి మెడకూ చంకల్లోనూ పెట్టారు, మిగతా ఒంటిని తడిగుడ్డతో తుడుస్తా అట్టపెట్టెతో విసిరారు. పావుగంటకు లేచి కూర్చుని ఉప్పు చక్కెర నీళ్లు తాగాడు.

తర్వాత అక్క చెప్పింది అందరూ గుర్తుపెట్టుకోవాలి కాబట్టి రాస్తున్నా. వేడికి అలిసిపోవడం వేరు, వడదెబ్బ వేరు. మనిషి పొంతన లేకుండా మాట్లాడటం మొదలుపెడితే, తూలితే, పలకకపోతే లోపల ఒళ్లు 40 డిగ్రీలు దాటి ఉండొచ్చు, అప్పుడు ఒక్క నిమిషం కూడా వృథా చేయకూడదు. 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడకుండా అక్కడికక్కడే చల్లబరచాలి, తొట్టి ఉంటే మెడదాకా చల్లటి నీళ్లలో ముంచాలి, లేకుంటే బిందెలకు బిందెలు కుమ్మరించాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు. ముందు చల్లబరచడం, తర్వాత తరలించడం, ఆ వరస మారకూడదు.

రాత్రి లాడ్జిలో తమ్ముడు మౌనంగా ఉన్నాడు. వాడికి దోహా సంగతి చెప్పాను. 2019లో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు దోహాలో జరిగినప్పుడు వేడికి భయపడి మహిళల మారథాన్‌ని అర్ధరాత్రి మొదలుపెట్టారు. అయినా 68 మంది మొదలుపెడితే 40 మందే పూర్తిచేశారు. గెలిచిన కెన్యా అమ్మాయి రూత్ చెప్‌నెగెటిచ్ టైం 2 గంటల 32 నిమిషాల 43 సెకన్లు. అదే ఏడాది జనవరిలో దుబాయ్‌లో ఆమె పరిగెత్తింది 2:17:08. ప్రపంచ చాంపియన్‌కే పావుగంట ఎక్కువ పట్టింది. దోహా టైం చూసి ఆమె చాంపియన్ కాదని ఎవరైనా అంటారా? వాడు ఫోనులో ఆ రెండు టైములూ తనే వెతికి చూసుకున్నాడు, చూశాక సార్‌తో మాట్లాడటం మొదలుపెట్టాడు.

శుక్రవారం, మొగిలి ఘాట్, పలమనేరు

పొద్దున నీవా నది దాటి బంగారుపాళ్యం మీదుగా బయల్దేరాం. ఇక్కణ్ణుంచి మాట్లాడేది మామ ఒక్కడే. సర్వీసులో ఎక్కువ కాలం ఈ రూట్లోనే బండి నడిపాడు, మొగిలి ఘాట్‌లో ప్రతి మలుపూ ఆయనకు తెలుసు. "ఈ దిగుడులో బ్రేకు తొక్కుతా పోతే పట్టదు, గేరు మీదనే దించాల" అని చెప్తా, లారీలు పడిపోయిన చోట్లు చూపిస్తా వచ్చాడు. ఆయన పరుగులోనూ అదే పద్ధతి. దిగుడు వచ్చిందని అంగలు పెద్దవి చేయడు, చిన్నచిన్న అడుగులు వేస్తా మోకాళ్లను కాపాడుకుంటాడు. దిగుడులో దూకేవాళ్లకు తొడ ముందు కండరాలు పట్టేస్తాయి, మర్నాడు లాడ్జి మెట్లు దిగడానికి కూడా గోడ పట్టుకోవాల్సి వస్తుంది. మొగిలీశ్వరుడికి బండిలోంచే దండం పెట్టుకుని ఘాట్ ఎక్కాం.

పలమనేరులో బండి దిగగానే తెలిసిపోయింది. ఎండ ఎండే, అయినా గాలి వేరు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని బడిలో చదువుకున్నాం, తిరుపతికీ పలమనేరుకీ మధ్య 520 మీటర్లు, అంటే మూడు డిగ్రీలకు పైనే. చెప్పడానికి మూడు డిగ్రీలే, పరిగెత్తేవాడికి అది చాలా ఎక్కువ. పాత చిత్తూరు జిల్లాలో చల్లని చోటు అంటే హార్సిలీ కొండ తర్వాత అందరూ పలమనేరు పేరే చెప్తారు.

అడవి అంచు రోడ్ల మీదికి సాయంత్రం పూట పోవద్దని టీ కొట్టు పెద్దాయన గట్టిగా చెప్పాడు, కౌండిన్య అభయారణ్యం పక్కనే, ఏనుగులు పొలాల్లోకి దిగుతుంటాయి. ఆయన చెప్పిన గంగవరం వైపు రోడ్డే ఎంచుకున్నాం. చిత్తూరులో లాగే 5:30కి మొదలుపెట్టాం, 31 డిగ్రీలు. నర్సక్క 35:05. ముందురోజు ఇదే సాయంత్రం, ఇదే నాడి, 41:45. ఆరున్నర నిమిషాలకు పైగా తేడా! మామ 40:50, నేను 33:10, సార్ 31:55, ఇడ్లీ అన్న 28:30. తమ్ముణ్ని సార్ పరిగెత్తనివ్వలేదు, పుస్తకం పట్టుకుని టైములు రాసింది వాడే. ఆ పేజీ ఫోటో తీసి గ్రూపులో పెట్టాను. వేసవి రేసు తర్వాత రావడం మానేసిన ఇద్దరు ఆ రాత్రే ఫోన్ చేశారు.

ఇంకో విషయం కూడా సార్ అప్పుడే చెప్పారు. వేడిలో రోజూ కొంతసేపు, జాగ్రత్తగా పరిగెత్తితే రెండు వారాల్లో ఒళ్లు అలవాటు పడుతుంది. రక్తంలో ద్రవం పెరుగుతుంది, చెమట ముందే పట్టడం మొదలవుతుంది, ఆ చెమటలో ఉప్పు తగ్గుతుంది, అదే వేగానికి నాడి తక్కువ కొట్టుకుంటుంది. అంటే తిరుపతి ఎండలో మేం పోగొట్టుకుంటున్నాం అనుకున్న నిమిషాలు ఎక్కడికీ పోలేదు. అయితే ఈ అలవాటు మానేస్తే కొన్ని వారాల్లోనే పోతుంది, ఎండాకాలం రెండు నెలలు ఇంట్లో కూర్చుని జులైలో మళ్లీ మొదలుపెడతామనేవాళ్లు దీన్నే పోగొట్టుకుంటున్నారు.

రాత్రికి రాగిసంగటి, చెనక్కాయల ఊరిబిండి. తిన్నంత పెట్టారు.

శనివారం, బెంగళూరు దారి

పరుగు లేదు. నంగిలి దాటి కర్ణాటకలోకి, ముళబాగిలులో దోసె, కోలారు, హోసకోటె, అక్కణ్ణుంచి ట్రాఫిక్కే ట్రాఫిక్కు. బిబ్బులు, అంటే రేసులో ఛాతీకి తగిలించుకునే నంబరు కాగితాలు, తీసుకున్నాం. క్యూలో మా ముందూ వెనకా తెలుగు మాటలే, మదనపల్లె వాళ్లు, అనంతపురం వాళ్లు, హిందూపురం వాళ్లు.

ఇక్కడ టైమింగుల వల్ల జరిగే అసలు నష్టం చెప్పాలి. ఇట్లాంటి పెద్ద రేసుల్లో వేలమంది ఉంటారు కాబట్టి గతంలో చేసిన టైమింగును బట్టి ముందు వరసలు, వెనక వరసలు ఇస్తారు. అది న్యాయమే, లేకపోతే తొక్కిసలాట అవుతుంది. నర్సక్క దగ్గర ఉన్న సర్టిఫికెట్ మాత్రం మార్చి చివర్లో మా వైపు 34 డిగ్రీల్లో చేసిన 1:09:40ది. చలికాలం రేసు రోజు ఆమెకు డ్యూటీ పడింది. ఆ కాగితం మీద డిగ్రీలు ఉండవు, కాబట్టి అక్కకు వెనక వరస. మీరు వేసవి సర్టిఫికెట్ ఒక్కటే పెట్టుకుని కూర్చోకండి, డిసెంబర్, జనవరుల్లో ఒక కొలిచిన 10కే తప్పకుండా పరిగెత్తి ఆ కాగితం దాచుకోండి.

సీనియర్ సిటిజన్లకు వేరే చిన్న పరుగు ఉందని మామతో ముందే చెప్పాం. "అది ఫోటోలకబ్బా, నేను పదే పరిగెత్తుతా" అన్నాడు.

ఆదివారం, 10కే

2008లో మొదలైన రేసు ఇది. 2022లో కెన్యా వాళ్లు నికోలస్ కిమెలి 27 నిమిషాల 38 సెకన్లలో, ఐరీన్ చెప్టాయ్ 30 నిమిషాల 35 సెకన్లలో ఇక్కడ రికార్డులు పెట్టారు. మాలాంటి మామూలు జనం అదే రోజు, అదే ఊరి రోడ్ల మీద పరిగెత్తవచ్చు, ఏ ఆటలోనైనా ఇంకెక్కడ దొరుకుతుంది ఇది.

చీకటి పూర్తిగా విడవకముందే మానెక్‌షా పరేడ్ గ్రౌండు చేరాం. ఫోను 23 డిగ్రీలు చూపిస్తాంది, మామ స్వెట్టర్ తెచ్చుకుని ఉండాల్సింది అంటున్నాడు. సార్ అందరి దగ్గరికీ వచ్చి ఒకటే మాట, గాలిగోపురం దాకా తొందరపడొద్దు. ఈరోజు నాడి హద్దు లేదు, అయినా మొదటి 3 కిలోమీటర్లలో మాట్లాడుతా పరిగెత్తలేకపోతున్నాం అనిపిస్తే వేగం తగ్గించాలి.

నేను తగ్గించాను. పక్కనుంచి వందల మంది దాటిపోతుంటే తగ్గించడం ఎంత కష్టమో పరిగెత్తినవాళ్లకే తెలుసు. అల్సూరు చెరువు వైపు వచ్చేసరికి దాటిపోయినవాళ్లలో చాలామంది నడుస్తా కనిపించారు. బెంగళూరు రోడ్డు చూడటానికి చదునుగా కనిపిస్తుంది గానీ చిన్నచిన్న ఎక్కుళ్లు వస్తానే ఉంటాయి, 7 కిలోమీటర్ల దగ్గర ఒక ఎక్కుడులో నా కాళ్లు బరువెక్కాయి, అయినా ఊపిరి మాత్రం బాగా ఆడుతాంది. తిరుపతిలో ఎప్పుడూ దీనికి తలకిందులు, కాళ్లలో శక్తి ఉండగానే ఒళ్లు కాగిపోతుంది. ఇంత తేలిగ్గా ఊపిరి తీసుకుంటా ఇంత వేగంగా పోవచ్చని మార్చి తర్వాత నాకు అప్పుడే గుర్తొచ్చింది. చివరి కిలోమీటరు నా జన్మలో అంత వేగంగా పరిగెత్తలేదు.

రిజల్ట్స్, చిప్ టైము ప్రకారం: తమ్ముడు 41:26, ఇడ్లీ అన్న 48:09, పీఈటీ సార్ 54:40, నేను 58:17, నర్సక్క 1:04:52, మామ 1:17:30. తమ్ముడు మొదటి సగం కంటే రెండో సగం 20 సెకన్లు తక్కువలో పూర్తిచేశాడు, గురువారం గోడ పట్టుకున్న పిల్లాడు! సార్ వాడి భుజం మీద చెయ్యి వేసి ఏమీ మాట్లాడకుండా చాలాసేపు నిలబడ్డారు. మామ పతకం మెడలోంచి తీయలేదు, టిఫిన్ తినేటప్పుడు కూడా.

అక్క విషయం విడిగా చెప్పాలి. వెనక వరస కాబట్టి జెండా ఊపిన 6 నిమిషాల తర్వాతే ఆమె గీత దాటింది. మొదటి కిలోమీటరంతా ముందు నడిచేవాళ్లను తప్పించుకోవడానికే సరిపోయింది. అంత ఇబ్బందిలోనూ మార్చి టైము కంటే 4 నిమిషాల 48 సెకన్లు తక్కువ. ఆమె ఒంట్లో ఆ శక్తి మార్చిలోనూ ఉంది, ఎండ దాన్ని కాగితం మీదికి రానివ్వలేదు అంతే. బిబ్బు వెనక ఉండే చిప్ మనం గీత దాటినప్పటి నుంచే లెక్కపెడుతుంది కాబట్టి ఆ 6 నిమిషాలు ఆమె ఖాతాలో పడలేదు. గ్రూపులో రిజల్ట్స్ పెట్టేటప్పుడు కొందరు రేసు వదిలినప్పటి నుంచి లెక్కపెట్టే తుపాకీ టైము, కొందరు చిప్ టైము పెట్టి కలగాపులగం చేస్తుంటారు. ఇకమీద చిప్ టైమే పెట్టాలని తిరుగు ప్రయాణంలో అందరూ ఒప్పుకున్నారు.

రాత్రి తిరుపతి చేరేసరికి పది. ఇడ్లీ అన్న ఇంటికి పోయి పిండి చూసుకోవాలని అలిపిరి దగ్గరే దిగిపోయాడు.

సోమవారం, తిరుపతి

సార్ పుస్తకంలోని గడులే మా క్లబ్బు రిజల్ట్స్ షీటులోకి ఎక్కించాం. ఇప్పుడు ప్రతి టైము పక్కనా మొదలైన గంట, డిగ్రీలు, తేమ, రోడ్డు ఎక్కుడు దిగుళ్లు ఉంటాయి. పాత వేసవి రేసులకు కూడా గుర్తున్నంతవరకు నింపుతున్నాం. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె వైపు రేసులు పెట్టేవాళ్లు రిజల్ట్స్ కాగితంలో ఈ రెండు మూడు గడులు కలిపితే వాళ్లకు పైసా ఖర్చు లేదు, దయచేసి కలపండి. మే నెలలో గంగ జాతర వారం మాకు పరుగు ఉండదు, ఊరంతా వేషాల్లో ఉంటుంది, రోడ్ల మీద జాగా ఉండదు. దానికి ముందు వచ్చే శనివారం పొద్దున 5:15కి జూపార్కు రోడ్డులో 5 కిలోమీటర్లు ఉంది, కొత్తవాళ్లు ఎవరైనా రావచ్చు. నీళ్ల సీసా, తువ్వాలు తెచ్చుకోండి, బరువు మిషను అక్క తెస్తుంది.